పాత ఇంట్లో సాకెట్లకు ఎర్త్ వైరే లేదు. మూడు పిన్నులవి పెట్టించుకోవచ్చా?

పాతిల్లు_పద్మ
అమ్మావాళ్లు కట్టించుకున్న ఇంట్లోకి మారుతున్నాం. పడగ్గదుల్లో అన్నీ రెండు పిన్నుల సాకెట్లే. ఒక బోర్డు విప్పించి చూస్తే ఎర్ర (ఫేజ్) వైరు, నల్ల (న్యూట్రల్) వైరు తప్ప పచ్చ (ఎర్త్) వైరు జాడే లేదు. వంటగదిలో మాత్రం ఎవరో మూడు పిన్నుల సాకెట్ పెట్టారు, ఫ్రిజ్ దానికే ఉంది. తడిచేత్తో తలుపు పట్టుకుంటే జివ్వుమంటోంది.
వచ్చిన ఎలక్ట్రీషియన్ "గోడలు పగలగొట్టడం ఎందుకండీ, అన్నిచోట్లా మూడు పిన్నులవి పెట్టేసి, లోపల న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న లింకు వేస్తాను, సరిపోతుంది" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. అలా చేయొచ్చా?

స్విచ్చుబోర్డు
వద్దు. ఆ లింకు మాత్రం వెయ్యనివ్వకండి. రెండు పిన్నులవి అలాగే ఉంచడమే నయం.

కరెంటు_కబుర్లు
పైన చెప్పిందే నా మాట కూడా. పని చేయించే ముందు ఆ ఫ్రిజ్ సాకెట్ విప్పి చూపించమనండి. అక్కడ ఇప్పటికే లింకు వేసి ఉండొచ్చు.

నల్లవైరు
అందరూ ఇంత భయపెట్టక్కర్లేదు. మా ఇంట్లో అన్నీ లింకులే, ఏళ్ల తరబడి ఏమీ కాలేదు. అసలు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని భూమికి కలిపేదే కదా? అక్కడ కలిస్తే తప్పు లేనిది సాకెట్‌లో కలిస్తే తప్పేంటి?

మెగ్గర్_మామ
నల్లవైరు గారూ, మీ ప్రశ్న చాలామంది మనసులో ఉండేదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

న్యూట్రల్, ఎర్త్ కలిసేది సరఫరా మొదలయ్యే చోట. కొన్ని పద్ధతుల్లో ఇంటి మెయిన్ దగ్గర కూడా కలుపుతారు. అక్కడి నుంచి లోపలికి రెండూ వేర్వేరుగానే నడవాలి. న్యూట్రల్ అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, వస్తువు నడుస్తున్నంతసేపూ దాంట్లో కరెంటు పారుతుంది. ఎర్త్ వైరులో మామూలు రోజుల్లో ఏమీ పారకూడదు, తేడా వచ్చినప్పుడే దానికి పని.

ఇప్పుడు లింకు వేసిన ఫ్రిజ్ సంగతి చూడండి. దాని ఇనుప బాడీ న్యూట్రల్‌కి అంటుకుని ఉంది. అంతా బాగున్నంతకాలం తెలియదు. ఎక్కడో బోర్డు వెనకాల న్యూట్రల్ స్క్రూ వదులై వైరు ఊడిందనుకోండి. పాత ఇళ్లలో ఇది రోజూ జరిగేదే. ఫేజ్ మోటారు గుండా వచ్చి, తిరిగి వెళ్లే దారి లేక, ఆ న్యూట్రల్ ముక్క మీదే నిలబడుతుంది. అక్కడి నుంచి లింకు మీదుగా తలుపు పిడికి వస్తుంది. బోర్డులోని ఎంసీబీ (ఎక్కువ కరెంటు పారితే సరఫరా ఆపేసే బ్రేకర్) పడదు, అంటే ట్రిప్ అవదు, ఎందుకంటే దానికి తెలిసినది ఎక్కువ కరెంటు పారడం ఒక్కటే, ఇక్కడ పారడం లేదుగా. ఫ్రిజ్ ఆగిపోయింది కాబట్టి ఏమైందో చూద్దామని మనిషి మొదట పట్టుకునేది ఆ తలుపునే.

ఫేజ్, న్యూట్రల్ తారుమారైన సాకెట్‌లో ఈ లింకు వేస్తే వైరు ఊడేదాకా కూడా ఆగనక్కర్లేదు. ప్లగ్ పెట్టిన క్షణం నుంచే బాడీ మీద పూర్తి సరఫరా ఉంటుంది.

స్విచ్చుబోర్డు
ఇంకోటి. మూడు లైట్ల సాకెట్ టెస్టర్ ఉంటుందే, అది ఈ లింకును పట్టుకోలేదు. "కరెక్ట్" అనే చూపిస్తుంది. ఎర్త్ పిన్ను న్యూట్రల్ వోల్టేజీ దగ్గర ఉందా లేదా అన్నదే అది చూసేది. ఎలా వచ్చిందో దానికి అనవసరం. లింకు ఉందో లేదో తెలియాలంటే మెయిన్ ఆపి సాకెట్ విప్పాల్సిందే.

నల్లవైరు
న్యూట్రల్ ఊడటం రోజూ జరుగుతుందా? నేనెప్పుడూ చూడలేదు.

రెండో_అంతస్తు
నేను చూశాను అన్నా. మా హాల్లో ట్యూబ్‌లైట్ మిణుకుమిణుకుమంటుంటే ట్యూబ్ మార్చాం, స్టార్టర్ మార్చాం. చివరికి బోర్డు విప్పితే న్యూట్రల్ వైరు స్క్రూ కింద నల్లగా కాలి, ముట్టుకోగానే చేతిలోకొచ్చింది. చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరిగి మెత్తబడిపోయింది. అదే బోర్డు మీద ఇస్త్రీపెట్టె సాకెట్ ఉంది. ఆ సాకెట్‌లో లింకు లేకపోవడం మా అదృష్టం.

పాతిల్లు_పద్మ
మెగ్గర్ మామ గారూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. లింకు వద్దని చెప్పేశా. మరి గోడలు తవ్వకుండా దారే లేదా? అన్ని గదులకీ ఒకేసారి చేయించే స్తోమత ఇప్పుడు లేదు.

కరెంటు_కబుర్లు
ఉంది. ముందు మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే బ్రేకర్. అది పనిచేయడానికి సాకెట్‌లో ఎర్త్ వైరు ఉండాలన్న నియమం లేదు.
దాంట్లో ఉండేది ఒక ఉంగరం లాంటి కోర్. ఫేజ్, న్యూట్రల్ రెండూ దాని మధ్యలోంచి వెళ్తాయి. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమైతే కోర్ ఊరుకుంటుంది. మనిషి గుండా భూమిలోకి కాస్త జారితే లెక్క తప్పుతుంది, వెంటనే పడిపోతుంది. 30 మిల్లీఆంపియర్ల తేడాకి 300 మిల్లీసెకన్లలోపు, 150 దాటితే 40 మిల్లీసెకన్లలోపు పడాలన్నది దాని ప్రమాణం.

టెస్టర్_జేబులో
దీని వెనక మనిషి గురించి చెప్పాలి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్. ఎంత కరెంటు పారితే చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టిన తీగను వదల్లేమో మనుషుల మీదే కొలిచారు. సగటున మగవాళ్లకు 16 మిల్లీఆంపియర్లు, ఆడవాళ్లకు 10.5 దగ్గర వచ్చింది. ఆ పరిశోధన వెంటే 1961లో ఈ లీకేజీ బ్రేకర్‌కి అమెరికా రూపం కనిపెట్టారు. ఆ బ్రేకర్ లోపలే ఉండే వాళ్ల జీఎఫ్‌సీఐ సాకెట్లు ఇంకా తక్కువకే, 4 నుంచి 6 మిల్లీఆంపియర్ల మధ్యే పడతాయి. ఎర్త్ లేని పాత సాకెట్ స్థానంలో ఆ రకం సాకెట్ పెట్టుకోవడాన్ని అక్కడి ఎలక్ట్రికల్ కోడ్ ఒప్పుకుంటుంది. కాకపోతే దాని మీద "ఎర్త్ లేదు" అని చీటీ అతికించాలి. ఆ చీటీ నియమం నాకు చాలా నచ్చుతుంది. మూడు రంధ్రాలు కనిపిస్తే ఎర్త్ ఉందనే ఎవరైనా నమ్ముతారు. లేనప్పుడు లేదని రాసి పెట్టడమే మర్యాద.

రెండో_అంతస్తు
మీ పేరు చూసి మా నాన్న గుర్తొచ్చారు. టెస్టర్ జేబులో లేకపోతే కళ్లజోడు పోయినంత హడావిడి చేస్తారు ఆయన.

టెస్టర్_జేబులో
మంచి నాన్నగారు. కానీ ఆయనకు చెప్పండి, నియాన్ టెస్టర్ వెలగకపోతే కరెంటు లేదని నమ్మొద్దని. లోపల నియాన్ బల్బు పోయినా వెలగదు, మనిషి బాగా పొడిగా ఉన్న చెక్క బల్ల మీద నిలబడినా సరిగా వెలగదు. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూసి, తర్వాత పనిచేసే చోట చూసి, మళ్లీ మొదటి చోట చూడాలి.

మెగ్గర్_మామ
ఆర్‌సీసీబీ మాట బాగుంది, కానీ దాన్ని చూసి ఎర్త్ అక్కర్లేదనుకోకండి పద్మగారూ. ఎర్త్ ఉంటే ఫ్రిజ్ బాడీకి ఫేజ్ తగిలిన క్షణంలోనే కరెంటు ఎర్త్‌లోకి పోతుంది, ఎవరూ ముట్టుకోకముందే బ్రేకర్ పడుతుంది. ఎర్త్ లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకునేదాకా ఆర్‌సీసీబీకి ఏమీ తెలియదు. ముట్టుకున్నాక పడుతుంది. ప్రాణం దక్కుతుంది, షాక్ మాత్రం తగులుతుంది. నిచ్చెన మీద ఉన్న మనిషికి ఆ ఉలికిపాటే చాలు.

ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది అసలు పడదు, ఎందుకంటే లెక్క సమానంగానే ఉంటుంది. ఓవర్‌లోడ్ కూడా దానికి పట్టదు, పక్కన ఎంసీబీ ఉండి తీరాలి.

కొత్తగా_చేరా
మేం ఎర్త్ గొయ్యి తవ్వించి, రాడ్ దింపి, అన్ని సాకెట్లకీ పచ్చ వైరు లాగించాం. ఇక ఆర్‌సీసీబీ ఖర్చు దండగ అన్నారు మా ఇంజనీరు. నిజమేనా?

మెగ్గర్_మామ
ఆయన్ని ఈ లెక్క వేయమనండి. మీ గొయ్యి నిరోధం 5 ఓమ్‌లు అనుకుందాం, అది మంచి గొయ్యి కిందే లెక్క. సరఫరా వైపు నిరోధం పక్కన పెట్టినా, 230 వోల్టులకి పారేది 46 ఆంపియర్లు. మీ 16 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ తక్షణం పడాలంటే దానికి 5 నుంచి 10 రెట్లు కావాలి, అంటే 80 నుంచి 160. 46తో అది లోపలి పట్టీ వేడెక్కి పడేదాకా ఆగుతుంది, కొన్ని సెకన్లు పడుతుంది. అంతసేపూ మీ గీజర్ బాడీ మీద ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది.
అదే ఆర్‌సీసీబీ ఉంటే 46 ఆంపియర్లు దాకా ఎందుకు, 30 మిల్లీఆంపియర్లకే పడుతుంది. సొంత గొయ్యి మీద ఆధారపడే ఇంట్లో ఆర్‌సీసీబీ తప్పనిసరి.
సరఫరా సంస్థే ఎర్త్ టెర్మినల్ ఇచ్చే చోట లెక్క వేరు, అక్కడ ఫాల్ట్ కరెంటు చాలా ఎక్కువ వస్తుంది. మీది ఏ రకమో ముందు తెలుసుకోండి.

కొత్తగా_చేరా
ఈ లెక్క ఆయనకు పంపుతున్నా. థాంక్యూ సర్.

నీలం_గోడ
గొయ్యి, వైరు అంతా ఎందుకు? వంటగదిలో కుళాయి పైపు భూమిలోకే పోతుంది కదా, దానికి కట్టేస్తే సరి.

స్విచ్చుబోర్డు
అస్సలు వద్దు. మధ్యలో ఎక్కడో ఒక ప్లాస్టిక్ ముక్క వేసి ఉంటారు, అక్కడితో ఎర్త్ తెగిపోతుంది. తర్వాత ఫ్రిజ్‌లో ఫాల్ట్ వస్తే కరెంటు వచ్చేది స్నానాల గదిలో షవర్ దగ్గరికి. గ్యాస్ పైపుకి కట్టడం ఇంకా ప్రమాదం.

కరెంటు_కబుర్లు
లోహపు పైపులన్నిటినీ ఎర్త్‌తో కలపడం అనేది వేరే పని, అది మంచిదే. పైపునే ఎర్త్ అనుకోవడం తప్పు.

అద్దె_గది
మాలాంటి అద్దెవాళ్ల పరిస్థితేంటి? గోడ ముట్టుకుంటేనే ఓనర్ అంకుల్‌కి కోపం. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు దాని మెటల్ మీద చెయ్యి పెడితే సన్నగా గరగరలాడుతుంది.

కరెంటు_కబుర్లు
అది ఛార్జర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే చాలా చిన్న కరెంటు. మూడు పిన్నుల ఛార్జర్‌కి ఎర్త్ అందకపోతే అలా తెలుస్తుంది. చిరాకే గానీ, ఛార్జర్ బాగున్నంతవరకు ప్రమాదం కాదు. గట్టిగా చుర్రుమంటే మాత్రం ఆ ఛార్జర్ వాడొద్దు.
అద్దె ఇంట్లో మీరు చేయగలిగినవి: ఒక చదరం లోపల ఇంకో చదరం గుర్తు ఉన్న పరికరాలే ఆ సాకెట్లలో వాడండి. అవి డబుల్ ఇన్సులేషన్‌వి, వాటికి ఎర్త్ అక్కర్లేదు. ప్లగ్‌లోనే లీకేజీ బ్రేకర్ ఉండే రకం దొరుకుతుంది, అది మీతోపాటే ఇంకో ఇంటికి వస్తుంది.

టెస్టర్_జేబులో
దయచేసి మూడో పిన్ను మాత్రం విరగ్గొట్టొద్దు. ఒకసారి ప్లగ్‌ని చేతిలోకి తీసుకుని చూడండి, పైన ఉన్న ఎర్త్ పిన్ను మిగతా రెండిటికన్నా పొడవు, లావు. పెట్టేటప్పుడు అందరికంటే ముందు అదే తగలాలి, తీసేటప్పుడు చివరగా అదే వదలాలి. ఇస్త్రీపెట్టె వాడే వాళ్ల కోసమే అంత ఆలోచించి చేశారు. రెండు రంధ్రాల్లో పట్టడం లేదని కట్టర్‌తో దాన్ని కత్తిరించేసిన ప్లగ్గులు చూస్తే నాకు కడుపు మండుతుంది.

పాతిల్లు_పద్మ
అప్‌డేట్. వేరే ఎలక్ట్రీషియన్ దొరికాడు, కుర్రాడే గానీ ఓపికగా చెప్తాడు. ఫ్రిజ్ సాకెట్ విప్పితే కరెంటు కబుర్లు గారు అన్నట్టే లోపల లింకు, అదీ ఎర్ర వైరు ముక్కతో! పీకేయించా. ఆర్‌సీసీబీ పెట్టాం. పెట్టిన గంటకే హాల్లో లైటు వేయగానే పడిపోయింది. మళ్లీ ఎత్తితే మళ్లీ పడుతోంది. వస్తువు పాడైందా?

మెగ్గర్_మామ
పాడవలేదమ్మా. పాత ఇళ్లలో నూటికి తొంభైసార్లు న్యూట్రల్స్ కలిసిపోయి ఉంటాయి. హాల్ లైటుకి ఫేజ్ ఒక దారిలో వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు దగ్గర్లో ఉన్న వేరే సర్క్యూట్ న్యూట్రల్ పట్టుకుంటుంది. అది ఆర్‌సీసీబీ గుండా కాకుండా పక్కనుంచి పోతే లెక్క తప్పుతుంది, అది పడుతుంది. ఏ లైటు వేస్తే పడుతుందో తెలిసింది కదా, ఆ లైటు న్యూట్రల్ ఎక్కడ కట్టారో వెతికించండి.
పడుతోందని ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ చేస్తామంటే ఒప్పుకోకండి.

స్విచ్చుబోర్డు
ఇంకెక్కడైనా లింకు మిగిలి ఉన్నా ఇదే జరుగుతుంది. అసలు ఎర్త్ తగిలించగానే న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్త్ దారి పడుతుంది, వెంటనే ట్రిప్. మూడు రంధ్రాలున్న ప్రతి సాకెట్ విప్పించండి.

పాతిల్లు_పద్మ
న్యూట్రల్ దొరికింది, వరండా లైటు పెట్టెలో నాలుగు నల్ల వైర్లు కలిపి మెలేసి టేపు చుట్టారు. విడదీశాక ఆర్‌సీసీబీ నిలబడింది. కానీ అక్కడే ఇంకో సంగతి బయటపడింది. పైపులో వైర్లకు గుడ్డ చుట్టిన రబ్బరు పూత ఉంది. మా ఎలక్ట్రీషియన్ ఒకదాన్ని కాస్త వంచగానే పూత పెంకులు పెంకులుగా రాలి, రాగి బయటికొచ్చింది. పచ్చ వైరు ఒక్కటి లాగితే సరిపోతుందా, అన్నీ మార్చాలా?

మెగ్గర్_మామ
రాలిందంటే ఆ సర్క్యూట్ మొత్తం మార్చాలి. అలాంటి వైర్ల పక్కనుంచి పచ్చ వైరు లాగితే రాపిడికి మిగిలిన పూత కూడా పోతుంది. మిగతా సర్క్యూట్లకు 500 వోల్టుల మెగ్గర్ (వైరు పూత బాగుందో లేదో కొలిచే మీటర్) పెట్టించండి. మెయిన్ ఆపి, బల్బులు, ప్లగ్గులు అన్నీ తీసేసి, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడాలి. 1 మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఆ సర్క్యూట్‌ని నమ్మొద్దు. ఈ టెస్ట్ చేయకుండా పాత వైరింగ్ బాగుందో లేదో కంటితో చెప్పేవాళ్లని నేను నమ్మను.
కొత్తగా లాగే ఎర్త్ వైరు ఫేజ్ వైరు సైజే ఉండాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఫేజ్‌కి 2.5 ఎర్త్. పలచటి తీగ వద్దు.

నీలం_గోడ
మా పాత ఇంట్లో ఇనుప పైపుల్లో వైరింగ్. ఆ పైపే ఎర్త్ అని చెప్పారు. నమ్మొచ్చా?

కరెంటు_కబుర్లు
ఒకప్పుడు అలాగే చేసేవారు. పైపు అతుకులన్నీ బిగుతుగా, తుప్పు లేకుండా ఉంటే పనిచేస్తుంది. ఇప్పుడు మీ అతుకులు ఎలా ఉన్నాయో గోడ లోపల ఎవరికి తెలుసు? మల్టీమీటర్‌లో బీప్ వచ్చిందని సంబరపడొద్దు, సన్నటి తుప్పు పొర గుండా కూడా బీప్ వస్తుంది, ఫాల్ట్ కరెంటు మాత్రం పోదు. పైపు ఉండటం వల్ల మీకున్న అసలు లాభం వేరే. పాత వైరును లాగుతూ దాని వెనకే కొత్త వైర్లు ఎక్కించొచ్చు, గోడ చెక్కక్కర్లేదు.

నల్లవైరు
రెండో అంతస్తు తమ్ముడు చెప్పింది చదివాక మా బోర్డులన్నీ విప్పి స్క్రూలు బిగించా. ఒక ప్రశ్న. ఆర్‌సీసీబీ పెట్టించి, సాకెట్ టెస్టర్‌లో ఉండే ట్రిప్ బటన్ నొక్కితే పడటం లేదు. ఆర్‌సీసీబీ మీదున్న బటన్ నొక్కితే పడుతోంది. ఏది నమ్మాలి?

స్విచ్చుబోర్డు
ఆర్‌సీసీబీ మీదున్న బటన్ దాని లోపలే తేడా సృష్టిస్తుంది, ఎర్త్‌తో పని లేదు. టెస్టర్ బటన్ ఫేజ్ నుంచి ఎర్త్ పిన్నుకి కరెంటు పంపాలి. మీ ఎర్త్ పిన్ను ఎక్కడికీ పోవడం లేదు లేదా లింకుతో న్యూట్రల్‌కే పోతోంది. అందుకే పడలేదు. మీ ఆర్‌సీసీబీ బాగానే ఉంది, సాకెట్లే బాగాలేవు. ముందు ఆ లింకులు తీయించండి అన్నా.

నల్లవైరు
ఆదివారం పెట్టుకుంటా.

పాతిల్లు_పద్మ
వంటగది, స్నానాల గది, వాషింగ్ మెషిన్ దగ్గర కొత్త వైర్లు, ఎర్త్ పూర్తయ్యాయి. మెగ్గర్ కూడా చూశారు. ఫ్రిజ్ జివ్వుమనడం ఆగింది. అంటే ఫ్రిజ్ బాగున్నట్టేనా?

మెగ్గర్_మామ
లీకేజీకి దారి దొరికింది, అందుకే మీకు తెలియడం లేదు. లీకేజీ పోయిందని కాదు. ఫ్రిజ్ ఎర్త్ వైరులో ఎంత పారుతోందో లీకేజీ క్లాంప్ మీటర్‌తో చూడమనండి. ఒకటి రెండు మిల్లీఆంపియర్లలోపు అయితే కంగారు లేదు. అంతకు మించి పెరుగుతూ పోతుంటే మెకానిక్‌కి చూపించండి, ఫ్రాస్ట్ కరిగించే హీటర్‌లోకి తేమ చేరినా అలా అవుతుంది.

పాతిల్లు_పద్మ
సరేనండి, చూపిస్తా. వెనక పడగ్గది మాత్రం ఈ ఏడాది కుదరదు. అక్కడ ఫ్యాను, ఫోన్ ఛార్జర్లు తప్ప ఏమీ లేవు. చూడ్డానికి ఒకేలా ఉంటాయని అక్కడా మూడు పిన్నుల ప్లేట్లు పెట్టేద్దామంటున్నారు మావారు.

టెస్టర్_జేబులో
పెట్టకండి. రెండు పిన్నులవే ఉంచండి, విరిగినవి ఉంటే కొత్త రెండు పిన్నులవి వేయించండి. రేపు ఎవరో చుట్టం వచ్చి ఇస్త్రీపెట్టె తెచ్చి అక్కడ గుచ్చుతారు. రెండు రంధ్రాలే ఉంటే పట్టదు, వంటగది వైపు వెళ్తారు.

రెండో_అంతస్తు
వంటగది నుంచి ఆ గదికి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగడం కూడా వద్దక్కా. తలుపు కింద నలిగి వైరు తెగుతుంది.

పాతిల్లు_పద్మ
మావారికి చూపించా ఇద్దరి మాటలూ. రెండు పిన్నులవే తెస్తున్నారు.